నెమ్మదిగా ఎగరడం నేర్చిన విమానం

వేపకొమ్మ మీద కాకి వాలడం మనం నిత్యం చూసే దృశ్యమే. అయినా దానిని శ్రద్ధగా గమనించేవారు తక్కువ. దూరం నుండి వేగంగా వచ్చిన కాకి, కొమ్మకు చేరువ కాగానే ఒంటిని నిలువుగా ఎత్తుతుంది. రెక్కలను పూర్తిగా విప్పి, తోకను విసనకర్రవలె పరచి, కాళ్లను ముందుకు చాపుతుంది. అంతవరకు ఉన్న వేగమంతా రెప్పపాటులో హరించిపోతుంది. కొమ్మను పట్టుకొనే క్షణానికి దాని వేగం దాదాపు సున్న. దానికి జానెడు కొమ్మ చాలు.

మానవుడు నిర్మించిన విమానానికి ఈ భాగ్యం లేదు. హైదరాబాదు సమీపంలోని శంషాబాదు విమానాశ్రయంలో ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. పెద్ద జెట్ విమానాల రాకపోకలకు అంతటి బాట అవసరమైనది. ఇందుకు భిన్నంగా, నేపాళంలో ఎవరెస్టు శిఖరానికి పోయే దారిలో లుక్లా అనే కొండ ఊరు ఒకటి కలదు. అక్కడి రన్‌వే పొడవు 527 మీటర్లు మాత్రమే. అనగా శంషాబాదు రన్‌వేలో ఎనిమిదవ వంతు. దాని ఒక చివర అగాధమైన లోయ, రెండవ చివర కొండ. అయినా 1964 నుండి అక్కడ చిన్న విమానాలు దిగుతూనే ఉన్నాయి.

విమానాల చరిత్ర అనగానే వేగాన్ని పెంచుకొంటూ పోయిన కథయే సాధారణంగా గుర్తుకు వస్తుంది. వేగాన్ని తగ్గించడం నేర్చుకొన్న కథ మరియొకటి ఉన్నది. అది మొదటిదానికంటె తక్కువ కష్టమైనది కాదు. దానికి కూడా ఎందరో తమ ప్రాణాలను మూల్యంగా చెల్లించారు.

వేగమే ఆధారం, వేగమే ఆటంకం

విమానాన్ని గాలిలో నిలిపేది దాని రెక్కల మీద పుట్టే పైకెత్తు బలం. ఈ బలం ముఖ్యంగా నాలుగు విషయాల మీద ఆధారపడుతుంది. మొదటిది గాలి సాంద్రత, రెండవది రెక్కల వైశాల్యం, మూడవది రెక్క ఆకారమూ, ఎదురు వచ్చే గాలికి అది వంగియున్న కోణమూ, నాల్గవది వేగం. వీనిలో వేగానిది ఒక ప్రత్యేకత. పైకెత్తు బలం వేగానికి కాక, వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం సగమైతే బలం నాల్గవ వంతుకు పడిపోతుంది.

కావున వేగం తగ్గుతున్నకొద్దీ చోదకుడు విమానపు ముక్కును పైకెత్తి, రెక్క కోణాన్ని పెంచి ఆ లోటును పూడ్చుకొంటాడు. కాని దీనికి ఒక హద్దు ఉన్నది. మామూలు రెక్క విషయంలో కోణం సుమారు 15 డిగ్రీలు దాటగానే, రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకొని సాఫీగా ప్రవహిస్తున్న గాలి రెక్కను విడిచిపెట్టి సుడులుగా మారిపోతుంది. పైకెత్తు బలం హఠాత్తుగా తగ్గుతుంది. విమానం ముక్కు వాల్చి పడిపోతుంది. దీనినే వైమానికులు స్టాల్ అంటారు. ఇంజను ఆగిపోవడానికి కూడా ఇదే మాట వాడుకలో ఉన్నందున విద్యార్థులు పొరబడే అవకాశం కలదు. ఇక్కడ విఫలమయ్యేది ఇంజను కాదు, రెక్క.

ఇక నేల మీది సంగతి చూద్దాం. నేలను తాకిన విమానంలో గతిజ శక్తి ఉంటుంది. అది కూడా వేగపు వర్గాన్ని అనుసరించేదే. విమానం గంటకు 100 కి.మీ. వేగంతో నేలను తాకి, సెకనుకు 3 మీటర్ల చొప్పున వేగాన్ని తగ్గించుకొంటూ పోయిందనుకొందాం. అది ఆగడానికి 129 మీటర్ల దూరం పడుతుంది. అదే విమానం 50 కి.మీ. వేగంతో తాకితే 32 మీటర్లు చాలు. వేగం సగమైనది, దూరం నాల్గవ వంతయినది. ఏ బ్రేకులూ ఇంత మేలు చేయజాలవు.

ఇందువల్ల పొట్టి రన్‌వే సమస్య నేల మీద కాక గాలిలోనే పరిష్కారం కావలసి ఉన్నది. నేలను తాకే వేగాన్ని తగ్గించవలెను; అట్లా తగ్గించడంలో స్టాల్‌కు లోబడకూడదు. ఈ రెండింటి నడుమనున్న సన్నని దారిని వెడల్పు చేయడమే ఈ చరిత్రలోని సారాంశం.

కొండ మీద నుండి దూకినవాడు

ఈ ప్రమాదాన్ని తన శరీరంతో అనుభవించిన తొలివారిలో జర్మనీ దేశీయుడు ఆట్టో లిలియెంతాల్ ఒకడు. ఆయన స్టార్క్ అనే పెద్ద కొంగలు ఎగిరే తీరును ఏళ్ల తరబడి పరిశీలించి, పక్షుల ఎగురుట గురించి 1889లో ఒక గ్రంథాన్ని ప్రకటించాడు. పిమ్మట 1891 నుండి స్వయంగా రెక్కలు నిర్మించుకొని, కొండవాలుల మీద నుండి గాలిలో జారుతూ అనేక వందల ప్రయోగాలు చేశాడు. ఆయన గ్లైడర్లకు ఇంజను లేదు, చక్రాలు లేవు. కాళ్లతో పరుగెత్తి లేవడం, కాళ్లమీదనే దిగడం. అంత నెమ్మదిగా ఎగిరే యంత్రానికి కావలసిన స్థలం ఏపాటి?

కాని నెమ్మదిగా ఎగరడమంటే ఎల్లప్పుడూ స్టాల్ అంచున నడవడమే. 1896 ఆగస్టు 9వ తేదీన లిలియెంతాల్ గ్లైడర్ ముక్కు గాలి తాకిడికి పైకి లేచింది. పైకెత్తు బలం నశించి, సుమారు 15 మీటర్ల ఎత్తు నుండి అది నేల కూలింది. వెన్నెముక విరిగి ఆయన మరునాడు మరణించాడు. ఈ వార్త అమెరికాలోని రైట్ సోదరుల ఆసక్తిని మేల్కొల్పింది. 1903 డిసెంబరు 17వ తేదీన వారు కిట్టీహాక్ ఇసుకనేలల మీద ఇంజను విమానాన్ని ఎగురవేసినప్పుడు బలమైన ఎదురుగాలి వీస్తున్నది. ఆ గాలి వారికి ఆటంకం కాదు, సహాయం. ఎట్లనగా, రెక్కకు కావలసినది గాలితో పోల్చిన వేగం. నేల మీద పరుగుకు లెక్కకు వచ్చేది నేలతో పోల్చిన వేగం. గాలితో పోల్చి గంటకు 100 కి.మీ. వేగంతో దిగే విమానానికి 20 కి.మీ. ఎదురుగాలి ఉంటే నేలతో పోల్చిన వేగం 80 కి.మీ. మాత్రమే. వెనుకటి లెక్కలోని 129 మీటర్ల పరుగు 82 మీటర్లకు తగ్గుతుంది. నేటికీ విమానాలు వీలైనంతవరకు గాలికి ఎదురుగానే దిగడానికి కారణం ఇదే.

ఓడ మీద బల్లలు

పొట్టి రన్‌వేలన్నింటిలోను పొట్టిది ఓడ. 1911 జనవరి 18వ తేదీన యూజీన్ ఈలీ అనే అమెరికన్ చోదకుడు సాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో నిలిచియున్న పెన్సిల్వేనియా అనే యుద్ధనౌక మీద తన విమానాన్ని దింపాడు. ఆయన కొరకు ఓడ మీద పరచిన కొయ్యబల్లల వేదిక పొడవు సుమారు 36 మీటర్లు. వేదికకు అడ్డంగా ఇరవైకి పైగా తాళ్లు కట్టి, వాటి కొసలకు ఇసుక మూటలు తగిలించారు. విమానం అడుగున అమర్చిన కొక్కేలు ఆ తాళ్లను పట్టుకొని మూటలను ఈడ్చుకొంటూ పోగా, విమానం వేదికలోపలనే ఆగింది. నేడు విమానవాహక నౌకల మీద వాడే ఉక్కు తీగలకు ఆ ఇసుక మూటలే పూర్వరూపం.

కదిలే ఓడ మీద తొలిసారిగా దిగినవాడు బ్రిటిష్ నౌకాదళానికి చెందిన ఎడ్విన్ డన్నింగ్. 1917 ఆగస్టు 2వ తేదీన ఫ్యూరియస్ అనే నౌక గాలికి ఎదురుగా వేగంగా సాగుతుండగా, ఆయన తన చిన్న విమానాన్ని దాని పక్కకు తెచ్చాడు. ఓడ వేగమూ, ఎదురుగాలి వేగమూ కలిసి విమాన వేగానికి ఇంచుమించు సమానమైనందున, విమానం ఓడ మీద దాదాపు నిలిచినట్లే కనిపించింది. డెక్కుమీది మనుషులు పరుగెత్తుకొని వచ్చి, దానికి కట్టిన పట్టెడలను పట్టుకొని కిందికి లాగారు. అయిదు రోజుల పిమ్మట, ఆగస్టు 7వ తేదీన మరల దిగే ప్రయత్నంలో విమానం ఓడ అంచు దాటి సముద్రంలో పడింది. డన్నింగ్ మరణించాడు.

తాళ్లు, ఎదురుగాలి, ఓడ వేగం వంటి సదుపాయాలు పల్లెటూరి మైదానంలో లభించవు. అక్కడ దిగవలసిన చిన్న విమానానికి తన రెక్కలే దిక్కు. కావున ఆ రెక్కనే మార్చవలసి వచ్చింది.

ఆసుపత్రి మంచం మీద పుట్టిన ఆలోచన

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో గుస్టావ్ లాఖ్‌మన్ అనే జర్మన్ యువకుడు వైమానిక శిక్షణ పొందుతూ, 1917లో స్టాల్ కారణంగా విమానం కూలి తీవ్రంగా గాయపడ్డాడు. ఆసుపత్రిలో పడుకొని అతడు తన్ను కూల్చిన కారణాన్ని గురించే ఆలోచించసాగాడు. గాలి రెక్కను విడిచిపోకుండా చేయడం ఎట్లా? రెక్క ముందు అంచుకు సమాంతరంగా ఒక సన్నని చీలిక విడిచి, దాని గుండా కిందిగాలిని పైకి పంపితే ఎట్లా ఉంటుంది? 1918లో అతడు పేటెంటు కోరగా, రెక్కను చీల్చితే మేలు కలుగుతుందని నమ్మలేక అధికారులు నిరాకరించారు.

అదే సమయంలో ఇంగ్లండులో ఫ్రెడరిక్ హాండ్లీ పేజ్ అనే విమాన నిర్మాత, లాఖ్‌మన్ సంగతి తెలియకుండనే, వాయుసొరంగంలో ప్రయోగాలు చేసి అదే ఫలితానికి చేరుకొని 1919లో పేటెంటుకు పూనుకొన్నాడు. 1920లో ఈ చీలిక గల విమానం ఎగిరింది. ఈ వార్త చూచిన లాఖ్‌మన్ తన పాత దరఖాస్తును మరల బయటికి తీశాడు. గోటింగెన్‌లో లుడ్విగ్ ప్రాంట్‌ల్ పర్యవేక్షణలో జరిగిన పరీక్షలు అతని వాదాన్ని బలపరచగా, జర్మనీలో అతనికి పేటెంటు లభించింది. ఇద్దరూ వ్యాజ్యానికి దిగక రాజీపడ్డారు. తరువాత లాఖ్‌మన్ హాండ్లీ పేజ్ సంస్థలోనే చేరి చిరకాలం పనిచేశాడు. నిన్నటివరకు పరస్పరం యుద్ధం చేసిన దేశాలవారు ప్రాణరక్షణకు ఉపకరించే ఒక ఉపాయం విషయంలో ఇట్లు కలిసిపోవడం గమనింపదగినది.

ఈ చీలికకు స్లాట్ అని పేరు. 1920 దశాబ్దం ముగిసేనాటికి, కోణం పెరిగినప్పుడు గాలి ఒత్తిడి చేతనే తెరచుకొనే స్లాట్లు బ్రిటిష్ విమానాలలో వాడుకలోకి వచ్చాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాదులోని బేగంపేట శిక్షణ పాఠశాలలో వైమానికులు నేర్చుకొన్న టైగర్ మాత్ విమానానికి కూడా పై రెక్కల అంచున ఇట్టి స్లాట్లు ఉండేవి.

స్లాట్ ఎందుకు పనిచేస్తుంది? చీలిక గుండా దూసుకువచ్చిన గాలి, రెక్క పైన అలసిపోయిన గాలికి కొత్త బలాన్నిస్తుందని చాలకాలం చెప్పేవారు. పాఠ్యగ్రంథాలలో ఈ వివరణ ఇప్పటికీ కనిపిస్తుంది. అది సంపూర్ణం కాదని అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఏ.ఎం.ఓ. స్మిత్ 1975లో ప్రకటించిన వ్యాసంలో నిరూపించాడు. ముందున్న చిన్న రెక్క తన చుట్టూ గాలిని తిప్పడం చేత, వెనుకనున్న పెద్ద రెక్క ముందు అంచు మీద గాలి పీడనం మరీ తగ్గిపోకుండా కాపాడుతుంది. పీడనం మరీ తగ్గనందున, వెనుకకు పోయేటప్పుడు గాలి ఎక్కవలసిన పీడనపు మెట్ట కూడా చిన్నదవుతుంది. అందుచేత గాలి రెక్కను విడవకుండా ఎక్కువ కోణం వరకు అంటిపెట్టుకొని ఉంటుంది. ఉపాయం 1917లో తట్టింది. దాని అంతర్యం పూర్తిగా బోధపడడానికి అర్ధశతాబ్దానికి పైగా పట్టింది.

రెక్కకు తోడు తలుపు

రెక్క ముందు అంచున స్లాట్ వలె, వెనుక అంచున ఫ్లాప్ అనే పరికరం అభివృద్ధి చెందింది. ఇది కీలు మీద తిరిగే తలుపు వంటిది. దానిని కిందికి వంచితే రెక్క వంపు పెరిగి, అదే వేగంలో ఎక్కువ పైకెత్తు బలం లభిస్తుంది. తొలి విమానాన్ని ఎగురవేసిన సోదరులలో ఒకడైన ఆర్విల్ రైట్, జేమ్స్ జేకబ్స్‌తో కలిసి రెక్క అడుగుభాగం మాత్రమే విచ్చుకొనే ఫ్లాప్‌ను రూపొందించి, 1924లో పేటెంటు పొందాడు. అదే దశాబ్దంలో హార్లన్ ఫౌలర్ అనే ఇంజనీరు, వెనుకకు జరిగి రెక్క వైశాల్యాన్ని కూడా పెంచే ఫ్లాప్‌ను కనిపెట్టాడు.

ఈ ఉపాయాల వల్ల పైకెత్తు బలం ఒకటిన్నర రెట్లు పెరిగిందనుకొందాం. అదే బరువును మోయడానికి కావలసిన వేగం 100 నుండి 82కు తగ్గుతుంది. నేల మీది పరుగు మూడింట రెండు వంతులే అవుతుంది. పూర్తిగా వంచిన ఫ్లాప్ వల్ల ఇంకొక లాభం కూడా కలదు. అది గాలి నిరోధాన్ని పెంచుతుంది. సామాన్యంగా నిరోధం విమానానికి శత్రువు. కాని దిగేటప్పుడు అదే మిత్రుడు. నిరోధం ఎక్కువగా ఉంటే, వేగం పెరగకుండనే విమానం నిటారుగా కిందికి రాగలదు. చుట్టూ చెట్లున్న చిన్న మైదానంలో దిగవలసినవారికి ఇది ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

1927లో అమెరికాలోని గుగ్గెన్‌హైమ్ నిధివారు క్షేమకరమైన విమానానికి లక్ష డాలర్ల బహుమానం ప్రకటించారు. విమానం గంటకు 35 మైళ్ల, అనగా 56 కి.మీ. వేగంలోనూ పట్టు తప్పకుండా ఎగరవలెను. నేలను తాకిన పిమ్మట 100 అడుగులలో ఆగవలెను. ఇవి పోటీలోని నియమాలలో కొన్ని. 1929లో జరిగిన పరీక్షలలో నియమాలన్నింటికి నిలిచినది కర్టిస్ సంస్థవారి టానజర్ ఒక్కటే. దానికి స్లాట్లు, ఫ్లాపులు రెండూ ఉన్నవి. అతివేగానికి బహుమానాలు ఇచ్చే ఆ రోజులలో, నెమ్మదితనానికి లభించిన ఈ బహుమానం ఒక మలుపు అనవచ్చును.

మంచునది మీద కొంగ

1936లో జర్మనీలో ఫీజెలర్ సంస్థవారి ఒక విచిత్రమైన విమానం ఎగిరింది. పొడవైన రెక్కలు, రెక్క ముందు అంచు పొడవునా స్లాట్, వెనుక పెద్ద ఫ్లాపులు, వేలాడే పొడవాటి చక్రాల కాళ్లు. చూపునకు కొంగను పోలియుండుటచేత దానికి స్టార్క్ అని అర్థమిచ్చే ష్టోర్క్ అనే పేరు వచ్చింది. లిలియెంతాల్ పరిశీలించిన పక్షి పేరే, ఆయన చనిపోయిన 40 ఏళ్లకు ఆయన ఆశించిన గుణం గల విమానానికి వచ్చినదన్నమాట. గంటకు సుమారు 50 కి.మీ. వేగం వరకు అది స్టాల్ కాకుండా ఎగిరేది. ఎదురుగాలి ఉంటే కొన్ని పదుల మీటర్లలోనే ఆగేది.

ఈ విమానం యుద్ధం కొరకు పుట్టినది. దాని గొప్పతనం మాత్రం యుద్ధానంతరం ప్రాణరక్షణలో వెల్లడైనది. 1946 నవంబరు 19వ తేదీన అమెరికన్ సైన్యానికి చెందిన డకోటా విమానం ఒకటి దారితప్పి, స్విట్జర్లాండులో గౌలీ అనే మంచునది మీద సుమారు 3,350 మీటర్ల ఎత్తున కూలింది. అందులోని 12 మంది ప్రాణాలతో మిగిలారు. కాని పలువురు గాయపడ్డారు. కాలినడకన వెళ్లిన రక్షకులు వారిని చేరుకొన్నా, గాయపడినవారిని మంచు పగుళ్ల మీదుగా మోసుకొని రావడం మిక్కిలి కష్టం. నవంబరు 24వ తేదీన స్విస్ వైమానికులు విక్టర్ హుగ్, పిస్టా హిట్జ్ రెండు ష్టోర్క్ విమానాలకు మంచుమీద జారే బద్దీలు కట్టుకొని వెళ్లి, ఆ మంచునది మీదనే దిగారు. మరల మరల తిరిగి, 12 మందిని సురక్షితంగా లోయకు చేర్చారు. స్విస్ వాయురక్షణ చరిత్రకు ఆ దినమే ఆరంభమని చెప్పుకొంటారు.

పిమ్మట 1952 నుండి హెర్మన్ గైగర్ అనే స్విస్ వైమానికుడు, వాలుగా ఉన్న మంచునదుల మీద ఎగువకు ఎక్కుతూ దిగడం, దిగువకు జారుతూ లేవడం అనే పద్ధతిని సాధనచేసి స్థిరపరచాడు. రన్‌వే సమతలంగా ఉండవలెనన్న నియమం ఇట్లు సడలిపోయింది. నేల వాలు కూడా విమానానికి ఒక పరికరమైంది.

నేలయే బ్రేకు

ఆల్ప్స్‌లో నేర్చిన ఈ విద్య త్వరలోనే హిమాలయాలకు చేరింది. 1959లో తొలిసారి ఎగిరిన పిలాటస్ పోర్టర్ అనే స్విస్ విమానం, 1960లో ధవళగిరి శిఖరారోహకులకు సామాను చేరవేస్తూ, 5,700 మీటర్ల ఎత్తున మంచు మీద దిగింది. ఇక లుక్లా సంగతి చూద్దాం. 1953లో టెన్జింగ్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ, ఆ ప్రాంతపు షెర్పాల కొరకు బడులు, ఆసుపత్రి నిర్మింపదలచాడు. అప్పట్లో కాఠ్మండు ప్రాంతం నుండి అక్కడికి సామాను మనుషుల వీపుల మీద రెండు వారాలకు పైగా ప్రయాణం చేయవలసి వచ్చేది. కావున 1964లో విమానాలు దిగే బాట నిర్మాణానికి పూనుకొన్నాడు. చదునైన పొలాలను విడవడానికి రైతులు ఒప్పుకొనలేదు. ఏటవాలు నేల మాత్రమే దొరికింది. గ్రామస్థులు పొదలు నరికి, మెట్టలు తవ్వారు. నేల గట్టిపడవలెనని షెర్పాలు వరుసలు కట్టి దాని మీద నృత్యం చేశారు. 1966లో ఖుండే గ్రామంలో ఆసుపత్రి వెలసింది. ఆ బాటకు తారు పరచినది 2001లో.

తప్పనిసరియై తీసుకొన్న ఆ ఏటవాలే వరమైంది. లుక్లా సముద్రమట్టానికి సుమారు 2,850 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి గాలి సాంద్రత సముద్రతీరంలోని దానిలో మూడు వంతులు, అనగా నూటికి 75 పాళ్లు. సాంద్రతలోని లోటును వేగంతో పూడ్చవలసి ఉన్నందున, విమానం తీరంలోకంటె నూటికి 15 పాళ్లు ఎక్కువ వేగంతో నేలను తాకుతుంది. గతిజ శక్తి మూడవ వంతు పెరుగుతుంది. ఇది నష్టం. కాని బాట వాలు నూటికి దాదాపు 12 పాళ్లు. అనగా ఒక చివర కంటె రెండవ చివర సుమారు 60 మీటర్లు ఎత్తు. గంటకు 120 కి.మీ. వేగంతో తాకిన విమానం, బ్రేకు వేయకున్నా, ఎంత ఎత్తుకు ఎక్కి ఆగుతుంది? గతిజ శక్తి అంతా స్థితిజ శక్తిగా మారుతుందని లెక్కిస్తే 57 మీటర్లు. అనగా చక్రాల బ్రేకులు లేకున్నా భూమ్యాకర్షణ ఒక్కటే దానిని బాటలోపల ఆపగలదు. ఉన్నత పాఠశాల విద్యార్థి చేయగల ఈ లెక్కలో లుక్లా రహస్యమంతా ఇమిడియున్నది.

చోదకుని పాలు

పరికరాలు ఎన్ని ఉన్నా చివరి మాట చోదకునిదే. పొట్టి రన్‌వేకు వచ్చేటప్పుడు స్టాల్ వేగానికి సుమారు 1.3 రెట్ల వేగాన్ని పాటించడం రివాజు. అంతకంటె తగ్గితే గాలి విసురుకు స్టాల్ కావచ్చును. క్షేమమని తలచి వేగాన్ని నూటికి 10 పాళ్లు పెంచుకొంటే, ఆగే దూరం 21 పాళ్లు పెరుగుతుంది. అదీ కాక విమానం నేలను తాకక బాట మీద తేలుతూ పోతుంది. రెండు వైపులా ప్రమాదమే.

ఏటవాలు బాట కంటిని కూడా మోసగిస్తుంది. ఎదురుగా పైకి లేచియున్న బాటను చూచిన చోదకునికి తాను మరీ ఎత్తున ఉన్నట్లు తోచి, తెలియకుండనే కిందికి దిగిపోతాడు. లుక్లాలో బాట మొదటి అంచుకు కిందనున్నది లోయగోడ. చివర కొండ ఉన్నందున, ఒక హద్దు దాటిన పిమ్మట దిగడం మానుకొని తిరిగి లేచిపోయే వీలు కూడా లేదు. 2008 అక్టోబరు 8వ తేదీన మబ్బులు కమ్మిన వేళ ఒక ట్విన్ ఆటర్ విమానం బాట అంచుకు కొద్ది దిగువన కొట్టుకొని, 18 మంది మరణించారు. విమాన ప్రధాన చోదకుడు ఒక్కడే బ్రతికాడు. ఆ బాటను నిర్మించిన హిల్లరీ కూడా కొండల విమానయానానికి మూల్యం చెల్లించినవాడే. 1975 మార్చి 31వ తేదీన ఆయన నిర్మిస్తున్న మరియొక ఆసుపత్రికి పోవడానికి కాఠ్మండులో చిన్న విమానమెక్కిన ఆయన భార్య, చిన్న కుమార్తె, విమానం లేచిన కొద్ది సేపటికే కూలి మరణించారు. అయినా ఆయన షెర్పాల సేవను విడువలేదు. 2008లో ఆయన మరణించగా, లుక్లా విమానాశ్రయానికి టెన్జింగ్, హిల్లరీల పేర్లు కలిపి పెట్టారు.

తిరిగి కాకి వద్దకు వద్దాం. పక్షి రెక్క వంపు వద్ద, మన బొటనవ్రేలికి సరిపడే చోట, కొన్ని పొట్టి ఈకలు ఒక గుత్తిగా ఉంటాయి. పక్షి వేగంగా పోయేటప్పుడు అవి రెక్కను అంటుకొని ఉంటాయి. వాలేటప్పుడు మాత్రం పైకి లేచి, తమకూ రెక్కకూ నడుమ ఒక సన్నని చీలికను ఏర్పరుస్తాయి. లాఖ్‌మన్ ఆసుపత్రి మంచం మీద ఆలోచించినదీ, హాండ్లీ పేజ్ వాయుసొరంగంలో వెదకినదీ ఇటువంటి చీలికనే. గోడ మీద గద్ద వాలేటప్పుడు, చెరువు గట్టున కొంగ దిగేటప్పుడు ఆ ఈకలు లేవడం నిదానించి చూచేవారికి కనిపిస్తుంది. బడి ఆవరణలోని చెట్టు కింద నిలుచుండి విద్యార్థులు ఈ సంగతిని స్వయంగా పరిశీలింపవచ్చును.